రూతక్క పిడికెడు

ఈ రోజు పొద్దున బియ్యం కడగబోతూ అలవాటుగా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేశాను. డబ్బా నిన్ననే ఖాళీ అయింది. ఖాళీ రేకు డబ్బాలో బియ్యం పడితే చిటపటమని చప్పుడు వస్తుంది. డబ్బా నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతుంది, వారం చివరికి అసలు వినిపించదు. పక్క గదిలో పడుకున్న మా అత్తమ్మ ఆ చప్పుడు విని, "రూతక్క వచ్చిందా?" అని అడిగింది. ఆమెకు ఎనభై ఏళ్లు. తెల్లవారుజాము మగతలో ఒక్కోసారి నిన్నటికీ పదేళ్ల కిందటికీ తేడా తెలియదు. "రాలే అత్తమ్మా, నేనే" అన్నాను. రూతక్క పోయి నాలుగేళ్లు దాటింది. అత్తమ్మ "అవునవును" అని మళ్లీ కళ్లు మూసుకుంది. నేను మాత్రం పొయ్యి ముట్టించడం మరిచిపోయి కాసేపు ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

పద్నాలుగేళ్ల కిందట మేం ఉప్పుగూడలో ఈ ఇల్లు కొన్నాం. ఇల్లంటే పెద్దగా ఊహించుకోవద్దు. అరవై గజాల జాగా, రెండు గదులు, ఒక వంటగది, మేడ మీదికి ఇనుప నిచ్చెన. నేను నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. మా ఆయన బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. మాకు ఒక్కతే పాప. నేను పుట్టి పెరిగింది లాల్‌దర్వాజాలో, అదీ కిరాయి ఇళ్లలో. పదో తరగతి అయ్యేలోపు ఏడు ఇళ్లు మారాం. తోపుడు బండి మీద మా అమ్మ గిన్నెలన్నీ పదిమందికీ కనబడేలా వెళ్తుంటే, వెనకాల తల వంచుకుని నడిచిన దాన్ని. సొంత గోడకు సొంత మేకు కొట్టుకోవాలన్న పట్టుదల నాకు అక్కడే పట్టుకుంది.

బ్యాంకు ఇల్లు విలువ మొత్తం ఇవ్వదు కదా, ముందు మనం కొంత పెట్టుకోవాలి. దాచుకున్నదంతా ఊడ్చి పెట్టినా ఇంకా తక్కువ పడింది. అప్పుడు అత్తమ్మ తన కాళ్లకున్న వెండి కడియాలు తీసి ఇచ్చింది. ఆమె పెళ్లికి వేసుకున్నవి. తాపీ మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తూ కొడుకును పెంచిన రోజుల్లో కూడా అమ్మలేదు వాటిని. ఇస్తూ ఒకే ఒక్క మాట అడిగింది. "ఇంటి కాయితాలు బ్యాంకోళ్ల దగ్గర ఉంటయట గద. నేను సచ్చేలోపల ఒక్కసారి తెచ్చి నా చేతిల పెట్టుండ్రి. అంతే."

ఆమెకు అప్పుడు అరవై ఆరు. మేం తీసుకున్నది ఇరవై ఏళ్ల లోను. నేను ఆఫీసులో రోజూ లెక్కలు చేసే మనిషిని. ఈ లెక్కకు కాగితం అవసరం లేకపోయింది.

రూతక్కది పక్కిల్లు. గల్లీలో చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ, ఆఖరికి ఆమె కంటే పద్నాలుగేళ్లు పెద్దదైన మా అత్తమ్మకు కూడా ఆమె రూతక్కే. భర్త రైల్వేలో పట్టాల పని చేస్తూ ప్రమాదంలో పోతే, ఆ ఉద్యోగం బదులు ఆమెకు స్టేషన్‌లో వెయిటింగ్ హాలు చూసుకునే పని ఇచ్చారు. ఇద్దరు కొడుకులను చదివించింది. పదిహేనేళ్ల ఇంటి లోనును తొమ్మిదేళ్లలో తీర్చేసిందని గల్లీలో అందరూ చెప్పుకునేవారు. సగం మంది మెచ్చుకోలుగా, సగం మంది "పిసినారి" అన్నట్టుగా.

మేం దిగిన వారానికే ఆమె గొంతు మొదటిసారి విన్నాను. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే ఉంది. మా వంటింటి కిటికీ ఆమె పెరటి వైపు తెరుచుకుంటుంది. నేను పప్పు కుక్కర్ పెట్టి జడ వేసుకుంటున్నాను. ఆరో విజిల్ వచ్చిందో, ఏడోదో.

"ఓ బిడ్డా! ఇంక ఎన్నిమాట్ల మొత్తుకోవాలె ఆ కుక్కర్? పప్పు ఎప్పుడో ఉడికింది. ఇప్పుడు ఉడుకుతున్నది నీ గ్యాసు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా కుక్కర్ ఎన్ని కూతలు కూస్తే ఈమెకేం నొప్పి అనుకుని కిటికీ రెక్క ధడాలున వేసేశాను. మర్నాడు మాత్రం రెండో విజిల్‌కే పొయ్యి కట్టేసి, మూత తీయకుండా ఆవిరి మీద వదిలేసి చూశాను. ఎవరూ చూడడం లేదు కదా అన్న ధీమాతో. పప్పు వెన్నలా ఉడికింది. నాకు ఇంకా కోపం వచ్చింది. వారం తర్వాత కిటికీ తెరిచి, "రెండు విజిల్లు చాలు అక్కా, నిజమే" అని ఒప్పుకున్నాను. ఆమె బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరక్కుండానే, "బండ మీద సుద్దముక్కతో తారీఖు రాయి. ఎన్నొద్దులొస్తదో సూడు" అంది. ముప్ఫై రోజులకు అయిపోయే గ్యాసు బండ ఆ తర్వాత నలభై రోజులు దాటింది. అలా మొదలైంది నా శిష్యరికం.

ఆమె పొదుపుకు ఒక పద్ధతి ఉండేది. పదిహేను రోజులకోసారి మా గల్లీలో నాలుగిళ్ల వాళ్లం కలిసి మీరాలం మండికి వెళ్లి, ఉల్లిగడ్డల బస్తా ఒకటి కొని పంచుకునేవాళ్లం. అక్కడి సేటుతో ఆమె చేసే బేరం చూసి తీరాలి. "క్యా భాయ్, ఆధీ సడీ హుయీ ప్యాజ్‌కు ఇత్నా భావ్?" అని, సగం కుళ్లిన ఉల్లిగడ్డలకు ఇంత ధరా అంటూ మొదలుపెట్టి, అతను రెండు చేతులూ జోడించేదాకా వదిలేది కాదు. అదే మనిషి మా గల్లీలోకి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆకుకూరల ఆమెను ఒక్కనాడూ ధర తగ్గించమని అడగలేదు. నేను ఒకసారి ఆ ఆకుకూరల ఆమెతో రెండు రూపాయల కోసం గీసి గీసి బేరమాడుతుంటే రూతక్క గోడ అవతల నుంచి నా పేరు పెట్టి పిలిచింది.

"సరితా, సేటు దగ్గర పది రూపాలు గుంజితే సేటు పడిపోడు. ఈమె దగ్గర రెండు గుంజితే ఈమె పడిపోతది. ఆపాలనుకుంటే నీ చేతిల ఉన్నది ఆపుకో. ఎదుటోళ్ల చేతిలది గుంజకు."

మా ఆయనకు రోజూ ఇరానీ హోటల్‌లో రెండు చాయ్‌లు పడాలి. నేను చీటీలో ఆ ఖర్చును ఎర్ర సిరాతో రాసి, ఆయన కంట పడేలా అద్దానికి అంటించాను. ఆ సంగతి తెలిసి రూతక్క నవ్వింది. "ఆ చాయ్ జోలికి పోకు. చాయ్ బంద్ చేస్తే ఇంట్ల లొల్లి మొదలైతది. చాయ్ కంటే లొల్లికి ఖర్చెక్కువ." చీటీ చించేశాను. ఆమె స్వయంగా ఎక్కడ ఆపేదో తర్వాత్తర్వాత గమనించాను. ఆమె కట్టే చీరలకు ఇస్త్రీ ఉండేది కాదు. రాత్రి మడిచి పరుపు కింద పెట్టుకునేది. చెప్పు తెగితే మూడుసార్లు కుట్టించేది. కొడుకుల స్కూలు ప్యాంట్లు అడుగున నాలుగు వేళ్ల మడత పెట్టి కుట్టించి, వాళ్లు ఎదిగినకొద్దీ విప్పేదట. కానీ జీతంలో పదో వంతు చర్చికి తీసి పక్కన పెట్టడం మాత్రం లోను ఉన్నప్పుడూ ఆపలేదు, తీరాకా ఆపలేదు.

రెండో ఏడు నాకు డీఏ బకాయిలు కొంత మొత్తంగా వచ్చాయి. లోనులో కడదామని బ్యాంకుకు బయలుదేరుతుంటే, "నేనూ వస్త" అని చెప్పులేసుకుంది. కౌంటర్ దగ్గర ఆఫీసరు మర్యాదస్తుడు. కంప్యూటర్ చూసి, "మేడమ్, ఇది కడితే మీ నెల కిస్తు ఇంత తగ్గుతుంది" అని ఒక అంకె రాసి చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నెలకు అంత మిగిలితే పాపకు మంచి స్కూలు, నాకు ఒక కొత్త కుక్కర్. ఫారం మీద సంతకం పెట్టబోతుంటే రూతక్క నా మణికట్టు పట్టుకుంది.

"సార్, కిస్తు తగ్గియ్యకుండ్రి. నెలలు తగ్గియ్యుండ్రి."

ఆఫీసరు ఆమె వంక చూశాడు. ఇస్త్రీ లేని చీర, కుట్టిన చెప్పులు. "అమ్మా, ఆమెకు కిస్తు తగ్గితే చేతికి వెసులుబాటు కదా?"

"చేతికి వచ్చింది చేతిల ఉంటదా సార్? నాకు తెల్వదా? గిట్లనే సంతకం పెట్టి ఒక ఏడాది పోగొట్టుకున్న నేను."

అతను నవ్వి వేరే ఫారం తీసి ఇచ్చాడు. ఆ ఒక్క కాగితంతో మా ఇరవై ఏళ్లలోంచి పద్నాలుగు నెలలు పోయాయి. బయటికొచ్చాక బస్టాపులో నిలబడి నేను అత్తమ్మ కడియాల సంగతి, కాగితాల సంగతి మొదటిసారి రూతక్కకు చెప్పాను. బస్సు ఎక్కాక అంది. "అయితే జల్దీ కానియ్యాలె."

ఆ సాయంత్రమే నాకు ఈ డబ్బా చూపించింది. పాతకాలపు పాలపొడి డబ్బా. బొమ్మ చెరిగిపోయి రేకు తేలింది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లకు ఒక ఆచారం ఉంది. వండబోయే ప్రతిసారీ, ఇంటికి సరిపడా కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్లి గోనెసంచిలో పోస్తారు. అక్కడి నుంచి అవి లేనివాళ్ల ఇళ్లకు వెళ్తాయి. "లోను ఉన్నప్పుడు నేను రెండు డబ్బాలు పెట్టిన. ఒకటి దేవునికి, ఒకటి బ్యాంకుకు. అందరు వండుకొని మిగిలింది దాచుకుంటరు. మనం ముందే తీసి, మిగిలింది వండుకోవాలె" అంది రూతక్క.

నాకు ఆ మాట తెగ నచ్చింది. మర్నాటి నుంచే మా ఇంట్లో డబ్బా వెలిసింది. బియ్యంలోంచి పిడికెడు. తర్వాత పప్పులోంచి చారెడు. నెలాఖరున డబ్బాలన్నీ కలిపి, ఆ మేరకు సామాన్ల చీటీలో తగ్గించి, మిగిలిన డబ్బు పక్కన పెట్టేదాన్ని. నెలకు మహా అయితే మూడు వందలు. ఇంటి లోను ముందు అది ఏ మూలకు? కానీ పక్కన పెట్టిన ప్రతిసారీ ఇల్లు మావైపు ఒక అడుగు జరిగినట్టు ఉండేది. ఆ మత్తులో ఒక పిడికెడు రెండైంది. ఏడాది తిరిగేసరికి మూడైంది. రాత్రి గిన్నె కడిగేటప్పుడు ఒక్క మెతుకు కూడా మిగలకపోతే, ఎంత కచ్చితంగా కొలిచానో అని నా భుజం నేనే తట్టుకునేదాన్ని. రూతక్కకు కూడా గొప్పగా చెప్పాను. ఆమె ఆ రోజు డ్యూటీకి వెళ్లే తొందరలో ఉంది, సరిగా వినలేదు.

మా ఇంట్లో అందరికంటే ఆఖరున తినేది అత్తమ్మ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ అంతే. "మీరు పనులకు పోయెటోళ్లు, మీరు తినుండ్రి. నాకేం తొందర" అనేది. పొద్దున నా టిఫిన్ డబ్బా, ఆయన డబ్బా, పాప డబ్బా సర్ది నేను బయటపడితే, గిన్నెలో ఉన్నది ఆమెకు. రాత్రి కూడా మా ముగ్గురికీ ఆమే వడ్డించేది. నేను ఎన్నోసార్లు "నువ్వు గూడ కూసో అత్తమ్మా" అన్నాను. ఆమె వినలేదు. రెండుసార్లు అడిగి వినకపోతే మూడోసారి అడగడం మానేశాను. ఆ మానేయడం గురించి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మూడో ఏడు వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకు రూతక్క ఫోన్ చేసింది. "ఫికర్ చెయ్యకు, ఇప్పుడు మంచిగనే ఉంది. కానీ నువ్వు రా." అత్తమ్మకు అప్పటికే షుగరు ఉంది. మాత్ర వేసుకునేది. నల్లా దగ్గర బిందె పట్టుకుంటూ అక్కడే కూలబడిపోయిందట. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. రూతక్క రాత్రి డ్యూటీ చేసి ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. గోడ దాటి వచ్చి, నోట్లో చక్కెర నీళ్లు పోసి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లి తీసుకొచ్చింది. మాత్ర వేసుకుని కడుపుకు తినకపోతే షుగరు పడిపోతుందని డాక్టరు చెప్పాడట.

నేను ఇల్లు చేరేసరికి అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఏదో తప్పు చేసినదానిలా నా వంక చూసింది. రూతక్క వంటింట్లో ఉంది. పొద్దున నేను వండిన గిన్నె మూత తీసి చూస్తోంది. నేనూ తొంగి చూశాను. అడుగంటిన మాడులో నీళ్లు పోసి, ఉప్పు వేసి నానబెట్టి ఉంది. మధ్యాహ్నానికి అత్తమ్మ దాచుకున్న భోజనం అది.

"పొద్దుగాల ఎన్ని గిలాసలు పోసినవ్?" రూతక్క గొంతు మామూలుగానే ఉంది.

"రెండున్నర."

"పిడికెడు తీసినంకనా?"

"తీసినంక." మూడు పిడికెళ్లని చెప్పడానికి నోరు రాలేదు.

"నీ డబ్బా, ఆయన డబ్బా, పిల్ల డబ్బా. నింపినవ్ గద? నాలుగో మనిషికి ఏం మిగిలింది?"

నేను ఆ గిన్నె మీద మూత పెట్టబోయాను. రూతక్క పెట్టనివ్వలేదు.

"ఆ పిడికెడు ఎవరి పళ్లెంలకెళ్లి తీస్తున్నవ్, సరితా?"

భూమి చీలితే బాగుండనిపించింది. కానీ ఆ రోజు నన్ను నిలువునా కోసింది రూతక్క మాట కాదు. "నాకు చెప్పొచ్చు గద అత్తమ్మా, సాలుతలేదని ఒక్కమాట చెప్పొచ్చు గద" అని ఏడుస్తూ అరిచాను. అరుపు నా మీద నాకే. అత్తమ్మ మాత్రం నెమ్మదిగా, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు అంది.

"ఇల్లు నీ ఒక్కదానిదా? నువ్వు జీతంలకెళ్లి కడుతున్నవ్, వాడు జీతంలకెళ్లి కడుతున్నడు. నాకేం జీతముంది బిడ్డా? డబ్బాల పిడికెడు పడ్డప్పుడల్లా సప్పుడు ఇనొస్తది. నేను గూడ కడుతున్న అనుకున్న."

అంటే ఆమెకు తెలుసు. రోజూ తెలుసు. ఆ చప్పుడు విని, లెక్క వేసుకుని, తన వంతు ఇచ్చినందుకు సంతోషంగా మాడు నానబెట్టుకుని తాగింది. నెలకు మూడు వందల కోసం నేను ఆమె నోటి దగ్గర కూడు తీశాను. అది కూడా ఎవరి చేతిలో కాగితాలు పెట్టాలని ఇంత ఆరాటపడ్డానో ఆ మనిషిదే.

రూతక్క నన్ను తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. ఆమె వచ్చి గడప మీద కూర్చుంది. "తప్పు నీది కాదు, నాది" అంది. "నీకు సగమే చెప్పిన. పిడికెడు తీయమన్న. ఆఖరికి తినేది ఎవరో చూసుకొమ్మని చెప్పలే. నా ఇంట్ల ఆఖరికి తినేది నేనే. పిల్లలకు పెట్టినంక గిన్నెల ఉంటే తిన్న, లేకుంటే చాయ్ తాగి డ్యూటీకి పోయిన. తొమ్మిదేండ్లు. ఒకపారి ప్లాట్‌ఫారం మీదనే పడిపోయిన, ఎవరికీ చెప్పలే. అందరు తొమ్మిదేండ్లల్ల కట్టింది కట్టింది అంటరు. బ్యాంకుకు తొమ్మిదేండ్లల్ల కట్టిన. దవాఖానకు ఇంకా కడుతున్న."

ఆమె సంచిలో ఎప్పుడూ ఉండే రంగురంగుల మాత్రలు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. అరిగిన ఎముకలు, పుండుపడ్డ కడుపు, నెత్తురు లేని ముఖం. రెండేళ్లకు పైగా పక్కింట్లో ఉండి నేను ఆమె దగ్గర గ్యాసు ఆదా నేర్చుకున్నాను గానీ, ఆ ముఖం తేరిపార చూడలేదు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో భోజనం పద్ధతి మారింది. గిన్నె మధ్యలో పెట్టుకుని నలుగురం ఒకేసారి కూర్చుంటాం. మొదటి గరిటె అత్తమ్మ పళ్లెంలో. ఆమె మొదట్లో కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడింది, అందరికంటే ముందు చెయ్యి పెట్టడానికి ఆమెకు నెల పట్టింది. పొద్దున డబ్బాలు కట్టేముందు ఆమె అన్నం వేరే గిన్నెలో తీసి మూతపెట్టి వెళ్లేదాన్ని. రూతక్క మధ్యాహ్నం గోడ మీద నుంచి, "అక్కా, తిన్నవా?" అని కేకేసి, తిన్నానన్నా నమ్మకుండా గిన్నె చూపించమనేది. బ్యాంకు డబ్బాలు అటకెక్కాయి. మా ఆయనకు ఈ గొడవంతా చెప్పాను. మూడో రోజు, "నేను ఒక చాయ్ బంద్ చేస్త. బండి గూడ తియ్య, బస్సుల పోత" అన్నాడు. ఎవరూ అడగలేదు. రూతక్కకు చెప్తే, "అడగకుండ ఇచ్చిండు సూడు, అది నిలుస్తది" అంది. నిలిచింది కూడా. నేను వారానికి రెండు రోజులు ఆఫీసు అయ్యాక ఒక లెక్కల దుకాణంలో కంప్యూటర్ పని చేశాను. డీఏ బకాయిలు వచ్చిన ప్రతిసారీ వెళ్లి, నెలలు తగ్గించే ఫారం అడిగి తీసుకున్నాను. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలకు మా అమ్మవాళ్లింట్లో జరిగే దావత్‌కు మా వంతు ఇవ్వడం ఎగ్గొడదామనుకుంటే, ఆ పండుగతో సంబంధం లేని రూతక్కే అడ్డుపడింది. "ఏడాదికొక్కదినం పదిమందికి పెట్టే చెయ్యి. దాన్ని ఎనకకు గుంజకు."

రిటైరయ్యాక ఆమె రెండేళ్లే ఉంది. చివరి ఏడు ఎక్కువగా మంచం మీదే. చిన్న కొడుకు కాజీపేట తీసుకెళ్తానంటే, "నా ఇంట్లనే ఉంట, కిరాయి కట్టేది లేదు గద" అని నవ్వింది. నేను రోజూ సాయంత్రం వెళ్లి కూర్చునేదాన్ని. ఎప్పుడు వెళ్లినా అడిగేది ఒకటే. "ఇంకెన్ని నెలలు?" పదకొండు. తొమ్మిది. ఆరు. ఆఖరుసారి నాలుగని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "దగ్గర పడ్డది" అంది. నా లోను గురించే అన్నదో, ఇంకేదైనా అన్నదో నాకు తెలియదు. ఆ వారమే పోయింది.

ఆమె కొడుకులు ఇల్లు ఖాళీ చేస్తూ, "అమ్మ గుర్తుగా ఏమన్నా కావాలంటే తీసుకో అక్కా" అన్నారు. పాలపొడి డబ్బా అడిగాను. సగం దాకా బియ్యం ఉన్నాయి. మంచాన పడ్డాక కూడా వంటామెతో రోజూ తీయించిందట. ఆదివారం నేను వాటిని తీసుకుని వాళ్ల చర్చికి వెళ్లాను. మహంకాళికి బోనమెత్తే నేను అక్కడ ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు దగ్గరే ఆగిపోయాను. గోనెసంచి పట్టుకున్నామె "ఎవరి పేరు రాయాలమ్మా?" అని అడిగితే "రూతమ్మ" అని చెప్పాను. ఆమె రాయబోయి ఆగి, నా ముఖంలోకి చూసి, రాసింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ డబ్బా వెళ్తూనే ఉంది. ఆ పిడికెడు మాత్రం నా వంతు బియ్యంలోంచి తీసింది.

నాలుగు నెలల తర్వాత లోను తీరింది. ఇరవై ఏళ్లది, పదేళ్లకు. బ్యాంకు వాళ్లు ఇంటి కాగితాలను ఒక పసుపు కవరులో పెట్టి ఇచ్చారు. ఆటోలో వస్తున్నంతసేపూ కవరు గుండెకు హత్తుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని తీసుకుంది. చదవడం రాదు. ఒక్కో కాగితం తిప్పుతూ, ముద్రలున్న చోట వేలుపెట్టి తడుముతూ, ఆఖరి కాగితం దాకా చూసింది. ఆఖరిది బ్యాంకు ఇచ్చిన వివరం. పదేళ్లలో కట్టిన ప్రతి రూపాయీ, తేదీతో సహా వరసగా ఉంది.

"ఇది ఏంది?"

"మనం కట్టిందంత రాసిచ్చిండ్రు అత్తమ్మా."

ఆమె ఆ వరసల మీద మెల్లగా వేలు జరుపుకుంటూ కిందిదాకా వచ్చింది. మళ్లీ పైకి వెళ్లింది. తర్వాత తలెత్తి, ఎగతాళిగా కాదు, నిష్ఠూరంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది.

"నేను కట్టింది ఏడుంది ఇందుల?"

నేను ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూశాను. ఆమె ఆకలి పడిన నెలలు ఏవో నాకు తెలుసు. వేలుపెట్టి చూపించడానికి అక్కడ ఏమీ లేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, బియ్యం కొలిచి, పైన ఇంకొక పిడికెడు కలిపి పొయ్యి మీద పెట్టాను. రెండో విజిల్‌కి పొయ్యి కట్టేశాను. అన్నం పొగలు కక్కుతుండగానే ఆమె పళ్లెంలో వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఆమె చేయి కడుక్కునేదాకా లేవలేదు.

ఇవాళ కూడా అంతే. మొదటి పళ్లెం ఆమెది.